డబ్బు ముట్టినదా, వార్త ముట్టినదా?
(ఫోనుమీద సరకు నమ్ము సభ్యులకొక పాఠము)



మన తాతలనాడు రైతు తన సరకును బండిమీద సంతకు తోలుకొని పోయి, కొనువాని మొగము చూచి, కాటా దగ్గఱ నిలుచుండి, రొక్కము చేతబట్టుకొని యింటికి వచ్చుచుండెను. అందును మోసము లేకపోలేదు. తూకములో మోసముండెను, అప్పు లెక్కలో మోసముండెను. అయినను మోసగాని మొగము రైతు ఎఱుగును. మఱునాడు వాని దుకాణము ముందు నిలిచి యడుగవచ్చును. నేడట్లు కాదు. అనకాపల్లి బెల్లమును, అరకు కాఫీగింజలను, పాడేరు పసుపును, పలాస జీడిపప్పును పండించినవారే ఫోనులో బొమ్మ చూపి, ఎన్నడును చూడని వారికి అమ్ముచున్నారు. దళారి చేతికి పోవుచుండిన లాభములో కొంత మన యింట నిలుచుచున్నది. ఇది మంచిదే, దీనిని మానుడని చెప్పుటకు ఈ పాఠము వ్రాయలేదు. కాని మొగమెఱుగని బేరములో మోసగానికిని మొగము లేదు. అందులకు తగిన జాగ్రత్త నేర్చుకొనుటయే మన పని.

1. ద్వారకా నగరులో జరిగిన బేరము

మన సభ్యులలో నొక రైతు కిందటి మాఘమాసమున మందులు కలుపని బెల్లము వండి, దాని బొమ్మలను ఫోనులో నుంచెను. విశాఖపట్టణమునుండి మాటలాడుచున్నానని యొకడు చెప్పి, కిలో 80 రూపాయల చొప్పున 200 కిలోలు కావలెననెను. ధర తగ్గింపుమని ఒక్కమాటయు నడుగలేదు. అనుమానింపవలసిన మొదటి తావు అదియే. కాని రైతు సంతోషించెను. ద్వారకా నగరులో ఆర్టీసీ కాంప్లెక్సు దగ్గఱకు సరకు తెచ్చినచో ఆటో వచ్చి యెక్కించుకొని పోవునని ఏర్పాటు. రైతు చిన్న వ్యాను కుదుర్చుకొని సరకు తెచ్చెను. ఆటో వచ్చెను. ఆ క్షణముననే 16,000 రూపాయలు చెల్లినట్లు పచ్చని గుర్తుతో నొక బొమ్మ రైతు ఫోనునకు వచ్చెను. వెంటనే మాటయు వచ్చెను: "బాబాయిగారూ, డబ్బు పంపించేశాను. సర్వరు నెమ్మదిగా ఉంది. పావుగంటలో మీ ఖాతాలో పడుతుంది. ఆటో అబ్బాయిని నిలబెట్టకండి."

రైతు సరకు నెక్కించెను. పావుగంట గడచెను; సాయంకాలమయ్యెను; డబ్బు రాలేదు; ఆ ఫోను మరల పలుకలేదు. తరువాత ఆటోవాడు దొరకెను గాని, అతడు కిరాయికి వచ్చిన అమాయకుడు. చెప్పిన వీథిలో సరకు దింపి, తన కూలి తాను పుచ్చుకొని పోయినవాడు.

దీనికంటె విచారింపదగిన సంగతి వేఱొకటి కలదు. రైతు ఈ మాటను నాలుగు దినములవఱకు ఎవ్వరికిని చెప్పలేదు. "చదువుకున్న కొడుకు నవ్వుతాడని సిగ్గుపడ్డానయ్యా" అని నాతో ననెను. మొదటి గంటలోనే చెప్పియుండినచో, ఆటో దింపిన వీథిలోనే సరకు దొరకియుండునేమో! పదునాఱువేల రూపాయలు పోవుటకు మోసము కారణమైనది. వెదకు దారి మూసికొనిపోవుటకు సిగ్గు కారణమైనది.

2. మూడు మెట్లు

ఈ రైతు చేసిన పొరపాటు ఒక్కటే. డబ్బు వచ్చినదన్న వార్తను డబ్బుగా నెంచెను. అమ్మకపు సొమ్మునకు మూడు మెట్లు కలవు. మొదటిది వార్త, రెండవది రాక, మూడవది నిలుకడ. డబ్బు పంపితినని వినుట వార్త. మన ఖాతా పద్దులో చేరుట రాక. చేరిన సొమ్ము మరల తీసికొనబడకుండ మనదై యుండుట నిలుకడ. ఒక్కొక్క మెట్టునకు ఒక్కొక్క విధమైన మోసము కాచుకొనియున్నది. వీనిని వేఱువేఱుగ చూతము.

3. మొదటి మెట్టు: వార్త

2016వ సంవత్సరమున నేషనల్ పేమెంట్స్ కార్పొరేషన్ వారు ప్రవేశపెట్టిన యూపీఐ పద్ధతిలో, కొనువాడు తన ఫోనుమీద నొక్కుట తన బ్యాంకునకు ఉత్తరువిచ్చుట మాత్రమే. ఆ బ్యాంకు వాని ఖాతాలో తగ్గించి, మన బ్యాంకు మన ఖాతాలో కలిపిన తరువాతనే ఆ సొమ్ము మనకు చేరినట్లు. వాని ఫోనులో కనబడు బొమ్మకును మన ఖాతాకును ఎట్టి సంబంధమును లేదు. చెల్లింపు యాపులను పోలిన దొంగ యాపులు కలవు. మన పేరు, మొత్తము, తేది వేసి, పచ్చని గుర్తుతో బొమ్మ తయారుచేసి యిచ్చును. బ్యాంకు పంపినట్లు తోచు సందేశమును గూడ ఎవడైనను వ్రాసి పంపవచ్చును. కాబట్టి బొమ్మను చూడవలదు; సందేశమును నమ్మవలదు; మీ యాపును మీరే తెఱచి, మీ ఖాతా నిలువ పెరిగినదో లేదో చూడుడు. ఫోను చదువరాని వారు బ్యాంకునకు పోయి పద్దు వ్రాయించుకొనుడు. అంతవఱకు సరకు మీ చేతనే యుండవలెను.

ఇది మొగమాటము లేని మాట గాని, న్యాయము కాని మాట కాదు. అరువు ఒప్పుకొనని అమ్మకములో, వెల ముట్టువఱకు సరకును తన యొద్ద నిలుపుకొను హక్కును 1930వ సంవత్సరపు సరకుల విక్రయ చట్టము అమ్మువానికి ఇచ్చియున్నది. "ఖాతాలో పడగానే ఎక్కిస్తాను" అని చెప్పుటకు ఎవ్వరును వెనుదీయనక్కఱలేదు. మంచి బేరగాడు దానికి కోపింపడు.

ఈ మెట్టులోనే మఱియొక మాయ కలదు. కొనువాడు తాను సైన్యములో ఉద్యోగినని చెప్పి, యూనిఫారముతో నున్న బొమ్మయు, గుర్తింపు కార్డును పంపును. "మా కార్యాలయపు డబ్బు వేఱు విధముగా వస్తుంది, ఈ కోడు స్కాను చేసి మీ పిన్ కొట్టండి, డబ్బు పడుతుంది" అనును. కొట్టగనే మన సొమ్ము వానికి పోవును. సైనికులకు దీనితో సంబంధము లేదు. వారిపై మనకు గల గౌరవమునే మోసగాడు ఎఱగా వేయుచున్నాడు. దీనికి ఒక్క సూత్రము కంఠస్థము చేయుడు: డబ్బు పుచ్చుకొనుటకు పిన్ అక్కఱలేదు. వ్యక్తి మఱియొక వ్యక్తిని యాపులో సొమ్ము కోరు విన్నపములను 2025 అక్టోబరు 1వ తేదినుండి కార్పొరేషనువారు నిలిపివేసిరి. కాని కోడు చూపి పిన్ కొట్టించు మోసము నిలిచిపోలేదు.

సంతలో దుకాణము పెట్టు సభ్యులు ప్రతి ఉదయమును తమ కోడు కాగితమును పరీక్షింపవలెను. దానిపై వేఱొకని కోడు అంటించి పోవు దొంగలు గలరు. ఒక రూపాయి పంపించుకొని చూచినచో ఎవరి పేరు కనబడునో తెలియును.

4. రెండవ మెట్టు: రాక

రెండువేలు పంపవలసినవాడు "పొరపాటున ఇరువదివేలు పంపితిని, పదునెనిమిదివేలు ఈ నంబరునకు త్రిప్పి పంపుడు" అని ఏడ్పు గొంతుతో వేడుకొనును. ఒక్కొక్కప్పుడు ఇరువదివేలు రానేరావు. సందేశము మాత్రమే వచ్చును. ఒక్కొక్కప్పుడు నిజముగనే వచ్చును. కాని అది మఱియొక అమాయకుని ఖాతానుండి దొంగిలించిన సొమ్ము. మనము త్రిప్పి పంపిన పదునెనిమిదివేలు దొంగకు చేరును. సొమ్ము పోగొట్టుకొన్నవాని ఫిర్యాదు మాత్రము మన ఖాతాపై వచ్చును. పరుల సొమ్ము ఉంచుకొనుట ధర్మము కాదు గనుక మన బ్యాంకునకు పోయి వ్రాతమూలముగ తెలిపి, వచ్చిన దారినే ఆ సొమ్మును పంపింపుమని కోరవలెను. వేఱు నంబరునకు, వేఱు ఖాతాకు ఎంతమాత్రము పంపరాదు.

పెద్ద బేరములలో చెక్కు ఇచ్చువారును గలరు. చెక్కు వేసిన రసీదు బొమ్మ చూపి సరకు తీయించుకొని పోవుట పాత మోసము. చెక్కు చెల్లు వఱకు అది కాగితమే. డబ్బు లేక తిరిగివచ్చినచో, 1881వ సంవత్సరపు నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్ల చట్టము 138వ సెక్షను క్రింద, బ్యాంకు ఆ సంగతి తెలిపిన 30 దినములలో వ్రాతమూలముగ నోటీసు పంపవలెను. అది అందిన 15 దినములలో సొమ్ము చెల్లింపకున్నచో, పిమ్మట ఒక నెలలోపల మేజిస్ట్రేటు కోర్టులో ఫిర్యాదు చేయవచ్చును. ఈ గడువులు దాటనీయరాదు.

5. మూడవ మెట్టు: నిలుకడ

మనవారిలో చాలమంది ఎఱుగని మెట్టు ఇదియే. ఖాతాలో చేరిన సొమ్ము సయితము రెండు దారుల పోవచ్చును.

మొదటి దారి కార్డు చెల్లింపులకు సంబంధించినది. కార్డుతో కొన్నవాడు తన బ్యాంకునకు పోయి, "సరకు నాకందలేదు" అనియో, "చెప్పినట్లు లేదు" అనియో, "ఆ చెల్లింపు నేను చేయనేలేదు" అనియో ఫిర్యాదు చేయవచ్చును. అప్పుడా సొమ్ము అమ్మినవాని లెక్కనుండి వెనుకకు తీసికొనబడును. దీనిని చార్జిబ్యాకు అందురు. ఇది కొనువాని రక్షణకై యేర్పడినది. అమెరికాలో 1974వ సంవత్సరమున చేసిన చట్టము కార్డుదారునకు తన లెక్కను ప్రశ్నించు హక్కునిచ్చినది. దానిని పోలిన ఏర్పాటు కార్డు సంస్థల నియమములలో లోకమంతట గలదు. మన దేశమున రిజర్వు బ్యాంకు 2017 జూలైలో ఒక నియమము ప్రకటించెను. తన తప్పును, బ్యాంకు తప్పును లేక మూడవవాని వలన ఖాతాలో మోసము జరిగినచో, బ్యాంకు తెలిపిన మూడు పనిదినములలో ఫిర్యాదు చేసిన ఖాతాదారునకు నష్టము లేదని దాని తాత్పర్యము. మన ఖాతా దోచుకొనబడినపుడు ఇట్టి రక్షణయే మనకును పనికివచ్చును. కాని పిన్ గాని ఓటీపీ గాని మనమే చెప్పియున్నచో, బ్యాంకునకు తెలుపువఱకు జరిగిన నష్టము మనదే.

మంచి నియమమును చెడ్డవాడు చెడ్డపనికి వాడుకొనును. సరకు తిని, అందలేదని చెప్పును. అట్టివానికి ఎదురు నిలుచునది సాక్ష్యమొక్కటే. అమ్మినవాని సమాధానమునకు ఇచ్చు గడువు దినములలో నుండునుగాని నెలలలో నుండదు. ఊరకున్నచో ఓడినట్లే. కాబట్టి సరకు కట్టునపుడే సాక్ష్యము కట్టవలెను. కాటామీద బరువు కనబడునట్లు ఒక బొమ్మ, మూట కట్టిన పిమ్మట ఒక బొమ్మ, కొరియరు రసీదు లేక లారీ రసీదు, అందినట్లు సంతకము, బేరమాడిన మాటల వ్రాత, ఇవి యన్నియు ఒక సంవత్సరమైనను దాచియుంచుడు.

ఇచ్చట నా వృత్తికి సంబంధించిన మాట యొకటి చెప్పవలెను. కొన్ని ఫిర్యాదులు మోసము కావు. మన లోపమువలన వచ్చునవి. బెల్లము వానకాలమున గాలిలోని తేమను పీల్చి చెమర్చి కారును. ప్లాస్టిక్ పొర లేక గోనెలో పంపినచో, దారిలో ముద్దయై పోవును. అప్పుడు కొనువాని ఫిర్యాదు న్యాయమే. బొమ్మలో కొమ్ము పసుపు చూపి సంచిలో దుంప పసుపు కలిపి పంపినవాడు డబ్బు వెనుకకు పోయినదని దుఃఖింపరాదు. సరకు రకము, తేమ, నిలువయుండు కాలము, ఉన్నది ఉన్నట్లు వ్రాయుడు. నిజము వ్రాసినవాని పక్షమున సాక్ష్యము గట్టిగ నిలుచును.

రెండవ దారి ఇంకను కఠినమైనది. ఎచ్చటనో ఒకని సొమ్ము దొంగిలింపబడును. దొంగ ఆ సొమ్ముతో మన యొద్ద సరకు కొనును. సొమ్ము పోగొట్టుకొన్నవాడు ఫిర్యాదు చేయగనే, ఆ సొమ్ము నడచిన దారిలోని ఖాతాలన్నిటిపై పోలీసువారి కోరికపై బ్యాంకులు నిలుపుదల వేయును. నిజమైన సరకు నమ్మి, నిజమైన వెల పుచ్చుకొన్న రైతు ఖాతాయు ఆ వరుసలో చేరవచ్చును. మహిళాసంఘ సభ్యురాలగు ఒక తల్లికి ఇట్లే జరిగినది. ఆమె అపరిచితునకు అమ్మిన పసుపు వెల 1,200 రూపాయలు. ఖాతాలో పంట అప్పు సొమ్మును, పిల్ల ఫీజుకై దాచినదియు నుండెను. ఒకనాడు బ్యాంకువారు మొత్తము ఖాతా నిలిచినదనిరి. ఆఱు వారములు ఎరువు కొనుటకు చేబదులు తిరిగినది. ఆమె చీటీ పుస్తకములో కొనువాని పేరు, నంబరు, తేది, బరువు వ్రాసియుంచుటచేత, వానిని బ్యాంకు ద్వారా దర్యాప్తు చేయు పోలీసు అధికారికి పంపి, తుదకు నిలుపుదల తొలగించుకొన్నది. ఆ చీటీలు లేకున్నచో ఎట్లుండునో తలచుకొనుడు.

దీనినుండి రెండు పాఠములు తీసికొనవలెను. ఒకటి, అమ్మకపు సొమ్ము పడుటకు వేఱుగ నొక ఖాతా ఉంచుడు; వారమున కొకసారి దానిలోని సొమ్ము మీ మూలఖాతాకు మార్చుకొనుడు. నిలుపుదల వచ్చినను పంట అప్పు సొమ్ము చిక్కుకొను భయము తగ్గును. రెండు, ఎంత చిన్న అమ్మకమైనను చీటీ వ్రాయుడు.

6. సరకు అందినపుడు డబ్బు

సరకు అందినపుడు డబ్బు పుచ్చుకొను పద్ధతి క్రొత్తది కాదు. తపాలాశాఖవారు 1877లోనే వీపీపీ పద్ధతి ప్రవేశపెట్టిరి. పుస్తకములు, విత్తనములు మన పెద్దలు అట్లే తెప్పించుకొనిరి. నాడును నేడును దానిలోని కష్టమొక్కటే: పార్సెలు తీసికొనక త్రిప్పిపంపువాడు. రానుపోను ఖర్చు మనదే యగును. మామిడిపండ్లవంటి చెడిపోవు సరకైనచో సరకును పోవును. అట్టివానిని ఈ పద్ధతిని పంపరాదు. రానుపోను ఖర్చునకు సరిపడు మొత్తమైనను ముందుగ ఖాతాలో వేయించుకొనుడు. తిరిగివచ్చిన మూటను సాక్షుల యెదుట, కాటామీద పెట్టి, బొమ్మ తీయుచు విప్పుడు. మంచి జీడిపప్పు తీసికొని నాసిపప్పు నింపి త్రిప్పిపంపువారును గలరు.

7. మోసపోయినచో సిగ్గుపడవలదు

మోసగాడు దారిన పోవు కొంటెవాడు కాడు. 2024 మే నెలలో విశాఖపట్టణ పోలీసువారు బయటపెట్టిన వ్యవహారమును జ్ఞప్తికి తెచ్చుకొనుడు. ఉద్యోగముల ఆశ చూపి మన ప్రాంతపు యువకులను కంబోడియాకు కొనిపోయి, నిర్బంధించి, బలవంతముగ ఫోను మోసములు చేయించిరి. 2025 మే నెలలో అనకాపల్లి జిల్లా అచ్యుతాపురములోనే, అమెరికావారిని ఫోనులో మోసగించు కేంద్రమొకటి పట్టుబడినది. ఇట్టి చోట్ల మాటలు వ్రాసియిచ్చి, బడిలో పాఠమువలె నేర్పుదురు. అట్లు నేర్చినవాని చేత ఒక రైతు మోసపోయినచో అది వానికి తలవంపు కాదు. ఆలస్యము చేయుటయే నష్టము.

దొంగిలించిన సొమ్ము ఒక ఖాతానుండి మఱియొక ఖాతాకు నిమిషములలో పరుగెత్తి, తుదకు రొక్కముగ తీయబడును. అంతలోపల పట్టవలెను. వెంటనే 1930 అను నంబరునకు ఫోను చేయుడు. ఇది దేశమంతటికిని ఒక్కటే. జాతీయ సైబర్ నేరముల పోర్టలులోను ఫిర్యాదు వ్రాయవచ్చును. తరువాత మీ బ్యాంకునకు, పోలీసు ఠాణాకు తెలుపుడు. చెల్లింపు నంబరు, తేది, వేళ, మోసగాని ఫోను నంబరు సిద్ధముగ నుంచుకొనుడు. బ్యాంకు సహాయపు నంబరును అంతర్జాలములో వెదకవలదు. దొంగ నంబరులచ్చట నుండును. పాసుపుస్తకముమీద అచ్చువేసినదే వాడుడు.

జ్ఞాపకమున కొక ఉపాయము: అమ్మువాని హక్కు చెప్పు చట్టము 1930వ సంవత్సరముది, ఫిర్యాదు నంబరును 1930యే. మొదటిది సరకు చేయి దాటకముందు తలపవలెను. రెండవది దాటిన తరువాత. మొదటిదానిని తలచినవానికి రెండవదానితో పని తక్కువ.

8. సంఘము చేయదగిన పని

ఒంటరి రైతును తొందరపెట్టుట సులభము. పదుగురిని తొందరపెట్టుట కష్టము. సహకారమునకు ఇంతకంటె మంచి పని యేమున్నది? గిరిజనుల పంటను కూర్చి అమ్ముటకు 1956లో విశాఖపట్టణము కేంద్రముగ ఏర్పడిన గిరిజన సహకార సంస్థ మన కన్నుల యెదుట నున్నది. మన సంఘములును, వీలైనచో, అమ్మకములకు సంఘము పేర ఒక ఖాతాయు ఒక కోడును ఏర్పరచుకొనవచ్చును. అది వీలుకాని చోట, మూడు పనులైనను చేయవచ్చును: అయిదువేలకు మించిన అమ్మకములో సరకు ఎక్కించుటకు ముందు ఖాతా పద్దును మఱియొక సభ్యుడు చూచుట, చీటీ పుస్తకములను సంఘముననే అచ్చువేయించి పంచుట, మోసపు నంబరులను పలకపై వ్రాసి నెలనెల సమావేశమున చదువుట.

సమావేశమున చర్చింపవలసిన ప్రశ్నలు

1. కొనువాడు పంపిన బొమ్మకును మన ఖాతా పద్దునకును భేదమేమి?
2. డబ్బు పుచ్చుకొనుటకు పిన్ కొట్టుమని అడిగినచో ఏమని చెప్పవలెను?
3. ఎక్కువగ వచ్చిన సొమ్మును ఏ దారిని త్రిప్పి పంపవలెను? ఏల?
4. ఖాతాలో చేరిన సొమ్ము ఏ రెండు దారుల వెనుకకు పోవచ్చును? ఒక్కొక్కదానికి మన యొద్ద నుండవలసిన సాక్ష్యమేమి?
5. మీలో నెవరైనను ఇట్లు మోసపోయిరా? సిగ్గుపడక చెప్పుడు. ఒకరు చెప్పిన కథ పదుగురి సరకును కాపాడును.

ద్వారకా నగరులో బెల్లము పోగొట్టుకొన్న రైతే ఈ ప్రశ్నలలో అయిదవదానిని నాతో వ్రాయించెను. వచ్చు సమావేశమున తన కథను తానే చెప్పుదునని అనుచున్నాడు. సభ్యులందఱు వచ్చి వినుదురు గాక.